అక్షరాల లెక్క

పోయిన శీతాకాలం సెలవుల్లో ఒక రాత్రి భోజనాలయ్యాక మా మనుమరాలు స్క్రాబుల్ పలక బల్లమీద పరిచి, "తాతయ్యా, నీకొక పొడుపుకథ. ఇంగ్లీషులో తొమ్మిది అక్షరాల మాట. 'బి'తో మొదలు, 'టి'తో ఆఖరు. చివరికి ముందు రెండు 'ఓ'లు పక్కపక్కన కూర్చుంటాయి. ఆ మాట మన తెలుగు నుంచే వెళ్ళింది. చెప్పుకో చూద్దాం" అంది. ఇంగ్లీషు చదువు చదివి, నలభై ఏళ్ళుగా ఈ దేశంలో ఆ భాషతోనే అన్నం తింటున్నవాణ్ణి. అయినా తెల్లమొహం వేశాను. కాసేపు నన్ను ఏడిపించి, చివరికి పిల్ల చప్పట్లు కొట్టి, "బాండికూట్! మీ పందికొక్కు!" అంది.

ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. మా ఊళ్ళో గాదె కింద బొరియలు తవ్వి, వడ్ల బస్తాలు కొరికి, మా నాయనమ్మ చేత తిట్లు తిన్న పందికొక్కు, ఓడలెక్కి దొరల నిఘంటువులో దర్జాగా కూర్చున్నదన్నమాట. ఇంగ్లీషువాళ్ళు మన ఎలుకకు పెట్టుకున్న ఆ పేరే తరవాత ఆస్ట్రేలియాలో పొడుగుమూతి జంతువుకూ అంటుకుంది. నవ్వు ఆగాక పిల్లతో, "సరే, ఇప్పుడు పందికొక్కు అని తెలుగులో రాయమ్మా" అన్నాను. కలం పట్టుకుంది. 'ప' రాసింది. పక్కన సున్నా పెట్టాలని తోచలేదు. అక్కడే ఆగిపోయి నా మొహం చూసింది.

ఆ చూపు నన్ను చాలా రోజులు వదలలేదు. ఈ దేశంలో అక్షరాల పోటీల్లో మన తెలుగు పిల్లలు గెలిచిన గెలుపులు లోకమంతా చూసింది. ఆ గెలుపుల కథ మనం పిల్లలకు చెప్పుకోవాలి. దానితోబాటు మన ఇంట్లోనే ఉన్న మరొక అక్షరాల ఆట కథ కూడా చెప్పుకోవాలి. ఆ రెండు కథలే ఈ వ్యాసం.

ముందుగా ఒక చిన్న ప్రశ్న. స్పెల్లింగు పోటీ అనేది ఇంగ్లీషులోనే ఎందుకు పుట్టింది? తెలుగులో ఎందుకు పుట్టలేదు? మన భాషలో పలికినట్టే రాస్తాం, రాసినట్టే పలుకుతాం. ఒత్తుల దగ్గరా, ల-ళల దగ్గరా, శ-ష-సల దగ్గరా తప్పటడుగులు పడవచ్చుగాని, మాట విన్న తెలుగువాడికి దాన్ని ఎలా రాయాలన్న అయోమయం పెద్దగా ఉండదు. ఇంగ్లీషు సంగతి వేరు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఫ్రెంచి మాటలు వరదలా వచ్చి చేరాయి. పండితులు లాటిను, గ్రీకు మాటలు తెచ్చారు. 1476లో కాక్‌స్టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చులో మాటల రూపం మెల్లగా గట్టిపడుతున్న రోజుల్లోనే జనం నోట్లో అచ్చుల ఉచ్చారణ మారిపోతూ వచ్చింది. నోరు ఒక దారిన, కాగితం ఒక దారిన పోయాయి. 'నైఫ్' అన్న మాటకు ముందున్న 'కె' ఒకప్పుడు పలికినదే. నోట్లోంచి పోయింది, కాగితం మీద మిగిలింది.

పోటీకి వెళ్ళే పిల్లలను అడిగి చూడండి, అన్నిటికన్నా భయపెట్టేది మనం 'అ' అని తేలిగ్గా అనేసే ధ్వని అంటారు. 'సోఫా' చివర 'ఎ', 'టేకెన్'లో 'ఇ', 'పెన్సిల్'లో 'ఐ', 'లెమన్'లో 'ఓ', 'సర్కస్'లో 'యు' - ఇవన్నీ దాదాపు ఒకటిగానే, గొణిగినట్టు పలుకుతాయి. చెవికి తేడా తెలియదు. అందుకే వేదిక మీద పిల్ల నిలబడి, "ఈ మాట ఏ భాష నుంచి వచ్చింది? దీని అర్థమేమిటి? వాక్యంలో వాడి చూపండి" అని అడుగుతుంది. గ్రీకు మాటయితే 'క' ధ్వనికి 'సి హెచ్' రావచ్చు. ఫ్రెంచి మాటయితే చివర 'క్యు యు ఇ' ఉండవచ్చు. కనుక ఈ విద్య ఉత్త బట్టీ అనుకోవడం పొరపాటు. మాట ఇంటిపేరు, గోత్రం కనుక్కుని, దానినిబట్టి దాని రూపం ఊహించే విద్య అది.

ఇక ఈ దేశంలో దాని చరిత్ర. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో, 1783లో, కనెటికట్ రాష్ట్రానికి చెందిన నోవా వెబ్‌స్టర్ అనే బడిపంతులు ఒక స్పెల్లింగు పుస్తకం అచ్చువేశాడు. నీలిరంగు అట్ట కావడంతో జనం దాన్ని నీలి పుస్తకం అనేవారు. మనకు పెద్దబాలశిక్ష ఎటువంటిదో, తరతరాల అమెరికా పిల్లలకు ఆ పుస్తకం అటువంటిది. కోట్ల కొద్దీ ప్రతులు చెల్లిపోయాయి. రాజకీయంగా విడిపోయిన దేశానికి అక్షరాలలో కూడా స్వాతంత్ర్యం ఉండాలని వెబ్‌స్టర్ నమ్మాడు. 'హానర్', 'కలర్' వంటి మాటల్లోంచి 'యు'ను తీసేసి రాయడం ఇక్కడ స్థిరపడింది ఆయన ప్రభావం వల్లనే. 1828లో 70,000 మాటలతో పెద్ద నిఘంటువు వెలువరించాడు.

ఆ పుస్తకం పట్టుకుని పల్లెటూళ్ళ బడుల్లో సాయంత్రాలు స్పెల్లింగు పందేలు జరిగేవి. చుట్టుపక్కల వాళ్ళంతా బళ్ళు కట్టుకుని వచ్చేవారు. 'బీ' అంటే పదిమంది ఒకచోట చేరి ఒక పని చేసుకోవడం. బొంతలు కుట్టడానికి ఒక 'బీ', మొక్కజొన్న కండెలు ఒలవడానికి ఒక 'బీ'. మన పల్లెల్లో బదులు పనికి ఒకరి పొలానికి మరొకరు వెళ్ళినట్టే. అలాగే మాటలకొక 'బీ' ఏర్పడింది.

ఇక్కడ మన పిల్లలకు తప్పక చెప్పవలసిన ఇద్దరు ఆడపిల్లల సంగతి ఉంది. 1908లో క్లీవ్‌లండ్ నగరంలో జాతీయ విద్యాసంఘం మహాసభల సందర్భంగా ఊళ్ళ మధ్య స్పెల్లింగు పోటీ పెట్టారు. మేరీ బోల్డెన్ అనే 14 ఏళ్ళ నల్లజాతి బాలిక ఒక్క తప్పూ లేకుండా రాసి, చెప్పి, క్లీవ్‌లండ్ జట్టును గెలిపించింది. నల్లపిల్ల పక్కన తమ పిల్లలు పోటీ చేయడమా అని అభ్యంతరాలు వచ్చిన రోజులవి. 1936లో ఒహాయో రాష్ట్రం ఆక్రన్ నగరం నుంచి మెక్‌నోలియా కాక్స్ అనే 13 ఏళ్ళ పిల్ల జాతీయ పోటీకి వాషింగ్టన్ బయలుదేరింది. దారిలో మేరీలాండ్ సరిహద్దు రాగానే ఆమెను నల్లవారి పెట్టెలోకి మార్చారు. తక్కిన పిల్లలు దిగిన హోటల్లో ఆమెకు చోటు లేదు. అయినా చివరి అయిదుగురిలో నిలిచింది. అప్పుడు 'నెమెసిస్' అనే ఏడక్షరాల మాట ఇచ్చారు. అది గ్రీకు దేవత పేరు, జాబితాలో లేని మాట అని ఆమె వెంట వచ్చినవారు మొత్తుకున్నా లాభం లేకపోయింది. ఆ పిల్ల అక్కడితో ఓడిపోయింది. ఆఫ్రికన్ అమెరికన్ బాలిక ఒకతె ఆ పోటీలో ప్రథమురాలు కావడానికి 2021 దాకా ఆగవలసి వచ్చింది. ఆమె పేరు జైలా అవాంట్‌గార్డ్. మన పిల్లలు ఎక్కిన వేదిక మెట్లు ఎవరెవరి కన్నీళ్ళతో తడిసి ఉన్నాయో తెలుసుకోవడం మంచిది.

జాతీయ స్పెల్లింగ్ బీ పుట్టింది 1925లో. లూయీవిల్ పట్టణంలోని కొరియర్ జర్నల్ పత్రిక పూనుకోగా, మొత్తం తొమ్మిది పత్రికలు కలిసి వాషింగ్టన్‌లో తొలి పోటీ జరిపాయి. ఫ్రాంక్ నాయ్‌హౌజర్ అనే 11 ఏళ్ళ కుర్రవాడు 'గ్లాడియోలస్' అనే పువ్వు పేరు సరిగా చెప్పి గెలిచాడు. బహుమతి 500 డాలర్ల బంగారు నాణాలు. చిత్రమేమిటంటే ఆ పువ్వు పేరులోనూ తొమ్మిదే అక్షరాలు, మన పందికొక్కుకు లాగే. 1941లో స్క్రిప్స్ హోవర్డ్ పత్రికా సంస్థ ఆ పోటీ బాధ్యత తీసుకుంది. రెండవ ప్రపంచయుద్ధం మూలాన 1943 నుంచి 1945 వరకు మూడేళ్ళూ, కోవిడ్ మూలాన 2020లోనూ మాత్రం పోటీ ఆగింది.

మనవాళ్ళు ఈ కథలోకి ఎప్పుడు వచ్చారు? 1965 నాటి వలస చట్టం తలుపులు తెరిచాక డాక్టర్లు, ఇంజనీర్లు, ఆచార్యులు భారతదేశం నుంచి ఇక్కడికి రాసాగారు. వారి పిల్లలు ఇక్కడి బళ్ళలో పెరిగారు. 1985లో షికాగో ప్రాంతపు బాలు నటరాజన్ 'మిల్యూ' అనే ఆరక్షరాల ఫ్రెంచి మాట చెప్పి జాతీయ విజేత అయ్యాడు. ఆ గెలుపు భారతీయ కుటుంబాలలో తొలి గెలుపు. 'మిల్యూ' అంటే మన చుట్టూ ఉన్న వాతావరణం. ఇండియా నుంచి వచ్చిన ఇంటి పిల్లవాడికి అంతకన్నా తగిన మాట దొరకదు. 1999లో నూపుర్ లాలా గెలిచింది. ఆ ఏటి పోటీ మీద తీసిన 'స్పెల్‌బౌండ్' అనే డాక్యుమెంటరీ చిత్రం 2002లో వచ్చి, దేశమంతటా ఇళ్ళలో ఆసక్తి రేపింది.

ఈ మధ్యలో ఒక తెలుగువాడు చేసిన పని సంగతి చెప్పకపోతే కథ పూర్తి కాదు. డాక్టర్ రత్నం చిట్టూరి గారు 1989లో నార్త్ సౌత్ ఫౌండేషన్ స్థాపించారు. ఇండియాలో చదువుకునే స్తోమతు లేని తెలివైన విద్యార్థులకు ఉపకార వేతనాలివ్వడం దాని ముఖ్యోద్దేశం. 1993 నుంచి ఆ సంస్థ ఇక్కడి మన పిల్లలకు స్పెల్లింగు, పదసంపద, లెక్కలు మొదలైన పోటీలు నిర్వహించసాగింది. తల్లిదండ్రులే స్వచ్ఛందంగా ప్రశ్నలు అడిగేవారు, తీర్పరులు, కుర్చీలు సర్దేవారు. ఇక్కడి పిల్ల పోటీకి కట్టిన రుసుము అక్కడ ఎక్కడో ఒక పేదపిల్లకు కాలేజీ జీతంగా మారడం ఎంత చక్కని ఏర్పాటో ఆలోచించండి. తరవాతి కాలంలో జాతీయ విజేతలైన పలువురు పిల్లలు తొలి అడుగులు వేసింది ఈ పోటీల్లోనే.

ఇక ఆ పేర్లు చూడండి. 2002లో ప్రత్యూష్ బుద్దిగ, మాట 'ప్రాస్పిసియెన్స్', పన్నెండక్షరాలు. 2003లో డాలస్ నుంచి సాయి గుంటూరి, మాట 'పోకోక్యురాంటే', పదకొండు. 2012లో శాన్‌డియేగో నుంచి స్నిగ్ధ నందిపాటి, మాట 'గెటపాన్', పలికేటప్పుడు అంతేగాని రాతలో తొమ్మిది. 2013లో న్యూయార్కు నుంచి అరవింద్ మహంకాళి, మాట 'నైడెల్', ఏడు. 2016లో ఆస్టిన్ నుంచి 11 ఏళ్ళ నిహార్ జంగా, సహవిజేతగా, మాట 'గెజెల్‌షాఫ్ట్', పన్నెండు. 2018లో టెక్సస్‌లోని మెకినీ నుంచి కార్తీక్ నెమ్మాని, మాట 'కాయ్‌నొనియా', ఎనిమిది. 2024లో ఫ్లారిడా నుంచి బృహత్ సోమ. ఆ ఏడు చివరి ఇద్దరికీ తొంభై సెకన్ల పందెం పెట్టారు. ఆ తొంభై సెకన్లలో బృహత్ 29 మాటలు తప్పులేకుండా చెప్పాడు. అప్పుడు ఓడిన కుర్రవాడు, హైదరాబాదు మూలాలున్న ఫైజాన్ జాకీ, మరుసటి ఏడు 2025లో తిరిగి వచ్చాడు. తొందరపడి మధ్యలో ఒక మాట తప్పు చెప్పినా నిలదొక్కుకుని, 'ఎక్లెర్‌సిస్మాఁ' అనే పదిహేనక్షరాల ఫ్రెంచి మాటతో గెలిచాడు. పోటీ పుట్టి నూరేళ్ళు నిండిన సంవత్సరమది.

వీరిలో అరవింద్ మహంకాళి సంగతి నాకు మరీ ఇష్టం. 2011లోనూ, 2012లోనూ మూడో స్థానం దాకా వచ్చి, రెండుసార్లూ జర్మన్ మూలం ఉన్న మాటల దగ్గరే తప్పిపోయాడు. మూడోసారి చివరి మాటగా వచ్చింది యిడ్డిష్ మాట, జర్మన్‌కు చుట్టం. తనను రెండేళ్ళు ఏడిపించిన కుటుంబం మాటతోనే గెలిచి చిరునవ్వు నవ్వాడు. ఓటమి తరవాత ఏం చేయాలన్న పాఠం ఏ నిఘంటువులోనూ ఉండదు. అది ఆ పిల్లవాడి దగ్గర నేర్చుకోవాలి.

2008 నుంచి 2018 దాకా ప్రతి ఏడూ విజేతలు భారతీయ కుటుంబాల పిల్లలే. 2019లో నిర్వాహకుల దగ్గర కష్టమైన మాటలు అయిపోయి, ఎనిమిది మందిని సహవిజేతలుగా ప్రకటించవలసి వచ్చింది. వారిలో ఏడుగురు మనవాళ్ళే. ఈ వరస చూసి కొందరు, "అమెరికన్లు ఎందుకు గెలవడంలేదు?" అని సామాజిక మాధ్యమాలలో వెటకారాలాడారు. ఇక్కడ పుట్టి, ఇక్కడి బడిలో చదివి, వెబ్‌స్టర్ నిఘంటువును నలగ్గొట్టిన పిల్ల అమెరికన్ కాకపోతే మరెవరు? 1908లో మేరీ బోల్డెన్ విన్న మాటకు, ఇది కొత్త వేషం, అంతే.

అయితే మనలో మనం ఒక నిజం ఒప్పుకోవాలి. "మన రక్తంలోనే ఉంది" అని కాలరెగరేసే వారిని నేను చూశాను. రక్తంలో ఏమీ లేదు. చదువుకున్నవారికే వీసాలిచ్చిన చట్టం ఉంది. సాయంత్రాలు పిల్లల పక్కన కూర్చోగలిగిన తల్లిదండ్రులు ఉన్నారు. అన్న నేర్చుకున్నది చెల్లెలికి నేర్పే ఇల్లు ఉంది. ఒక ఊరివాళ్ళు ఇంకో ఊరివాళ్ళకు జాబితాలు పంచిన స్నేహం ఉంది. ఈ మధ్య డబ్బు పెట్టి కొనే శిక్షణ కూడా ఉంది. ఇవన్నీ లేని ఇంటి పిల్లవాడు ఏ జాతివాడైనా వెనకబడతాడు. గెలిచినవారి వెనక, గంట మోగగానే తలవంచుకుని తల్లి ఒళ్ళో ఏడ్చిన వేలమంది పిల్లలున్నారు. వారి ఏడుపులో మన ఆశ పాలు ఎంతో, పోటీ పాలు ఎంతో ఎవరికి వారు లెక్క వేసుకోవాలి.

ఇప్పుడు స్క్రాబుల్ దగ్గరికి మళ్ళీ వద్దాం. 1930లలో ఆర్థికమాంద్యం వచ్చి ఉద్యోగం పోయిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే న్యూయార్కు వాస్తుశిల్పి ఈ ఆట కనిపెట్టాడు. ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో తెలియడానికి న్యూయార్క్ టైమ్స్ పత్రిక మొదటి పేజీలు ముందు పెట్టుకుని లెక్కపెట్టాడు. అందుకే నూరు బిళ్ళల్లో 'ఇ' పన్నెండు ఉంటే 'క్యు', 'జెడ్' ఒక్కొక్కటే. ఆ ఒక్కొక్కదానికీ పదేసి మార్కులు. చేతిలో ఏడు బిళ్ళలు. ఏడూ ఒకేసారి వాడితే 50 మార్కులు అదనం. 1948లో జేమ్స్ బ్రూనో దానికి స్క్రాబుల్ అని పేరు పెట్టి అమ్మకానికి తెచ్చాడు. 2021లో జాష్ వార్డిల్ అనే ఇంజనీరు అయిదక్షరాల మాట ఆరు ప్రయత్నాల్లో కనుక్కునే 'వర్డిల్' ఆట లోకానికిచ్చాడు. తన సహచరి పాలక్ షా కోసం చేసిన ఆట అది. సుమారు 12,000 అయిదక్షరాల మాటల్లోంచి మామూలు జనానికి తెలిసినవి ఏరిపెట్టింది కూడా ఆమే. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ దాన్ని కొన్నది.

వర్డిల్ ఆడేటప్పుడు చూడండి. ఒక గడి ఆకుపచ్చగా మారితే ఆ అక్షరం ఆ స్థానంలోనే ఉండాలి. బూడిదరంగు వస్తే ఆ అక్షరం అసలు వాడకూడదు. మా మనుమరాలు ఈ నియమాలు నాకు ఎంతో ఓపికగా బోధించింది. అంతా విని, "ఈ రెండు నియమాలకూ మన దగ్గర ఎప్పటినుంచో పేర్లున్నాయి తల్లీ" అన్నాను. అది నమ్మలేదు.

పేర్లున్నాయి. ఫలానా స్థానంలో ఫలానా అక్షరం ఉండాలనడం న్యస్తాక్షరి. ఫలానా అక్షరం రాకూడదనడం నిషిద్ధాక్షరి. రెండూ మన అవధానంలోని అంశాలు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అవధాని చుట్టూ కూర్చుంటారు. ఒకాయన, "మూడో పాదంలో ఏడో అక్షరం 'క్ష' కావాలి" అంటాడు. ఇంకొకాయన, అవధాని ఒక అక్షరం చెప్పగానే తరవాత రాబోయే అక్షరం ఊహించి, "అది వద్దు" అని అడ్డుకుంటాడు. మరొకాయన నాలుగు పొంతనలేని మాటలిచ్చి వాటితో పద్యం అడుగుతాడు. దాన్ని దత్తపది అంటాం. ఇంతమంది మధ్య అప్రస్తుతప్రసంగం చేసే ఆయన వేళాకోళాలాడుతూ ఉంటాడు. కాగితం లేదు, కలం లేదు. అన్ని పద్యాలూ చివరికి వరసగా అప్పజెప్పాలి. తిరుపతి వేంకట కవులుగా పేరుపొందిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గార్లు ఊరూరా తిరిగి శతావధానాలు చేసి, ఈ విద్యను పండితుల ఇళ్ళనుంచి జనం మధ్యకు తెచ్చారు.

పద్యం కూడా అంతే. పాదానికి ఇన్నక్షరాలని లెక్క. ఉత్పలమాలకు 20, యతి పదో అక్షరం. చంపకమాలకు 21, యతి పదకొండో అక్షరం. ఏ పాదంలోనైనా రెండో అక్షరం ప్రాస. ఇన్నక్షరాలు ఉండాలి, ఈ అక్షరం ఇక్కడ ఉండాలి అన్న నియమం మన కవులకు వెయ్యేళ్ళ అలవాటు. ఆ కట్టుబాటులోనే భారతం తెనిగించారు, భాగవతం తెనిగించారు. నిన్నమొన్నటి శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు కూడా పదబంధ ప్రహేళికలు కూర్చారు. అందులో గడికి ఒక తెలుగు అక్షరం. గుణింతాలు, ఒత్తులు కలిపితే మన అక్షరాలు వందల్లోకి పోతాయి కనుక తెలుగు స్క్రాబుల్‌కు నూరు బిళ్ళలు ఏ మూలకూ చాలవు.

ఇదంతా పాత గొప్ప చెప్పుకోవడం అనుకోకండి. అమెరికాలో పుట్టి పెరిగిన గన్నవరం లలిత్ ఆదిత్య అవధానాలు చేసి చూపించాడు. పదిహేనక్షరాల ఫ్రెంచి మాట పట్టగలిగిన బుర్రకు ఇరవై అక్షరాల పద్యపాదం పట్టడం అసాధ్యం కాదని అతని వల్ల రుజువైంది. 2007లో సిలికానాంధ్ర వారు మొదలుపెట్టిన మనబడి వంటి తరగతులలో వారాంతాల్లో పిల్లలు 'అ ఆ'లు దిద్దుతున్నారు. దారి ఉంది. ఆ దారిన పిల్లల చెయ్యి పట్టుకుని నడిపించడానికి మనకు తీరిక కావాలి.

ఆ శీతాకాలం మిగిలిన రోజుల్లో నేనూ, మా మనుమరాలూ ఒక కొత్త ఆట మొదలుపెట్టాం. అది పెద్ద నిఘంటువులోంచి తెలుగు సంబంధం ఉన్న మాట ఒకటి పట్టుకొస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు లెక్కపెడుతుంది. నేను దాన్ని తెలుగులో రాయించి అక్షరాలు లెక్కపెట్టిస్తాను. తొలిరోజు 'పిట్టా' తెచ్చింది. రంగురంగుల ఒక జాతి పక్షులకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు. ఇంగ్లీషులో అయిదు, మన 'పిట్ట'లో రెండు. తరవాత 'వూట్జ్' తెచ్చింది. 1790లలో ఇండియా నుంచి లండనుకు పంపిన మేలిరకం ఉక్కుకు అక్కడివారు రాసుకున్న పేరు. 'ఉక్కు' అన్న మన ద్రావిడ మాటే ఎవరి చేతిలోనో వంకరపోయి అలా అయిందంటారు. తెలంగాణలో కోనసముద్రం వంటి పల్లెల్లో మూసలు పెట్టి కాచిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారని చెప్పాను. ఇంగ్లీషులో అయిదు, తెలుగులో రెండు. ఆ తరవాత 'గోల్కొండ'. వెబ్‌స్టర్ నిఘంటువులో దానికి తరగని సంపద అని అర్థం. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన వజ్రాలు ఆ కోట నీడన అమ్ముడుపోబట్టి వచ్చిన అర్థం. ఇంగ్లీషులో ఎనిమిది. తెలుగులో ఎన్నో చెప్పమంటే పిల్ల వేళ్ళమీద లెక్కపెట్టి, గో, ల్కొం, డ - మూడే అంది. 'ల్కొం' అంతా కలిపి ఒకే అక్షరమని తనంతట తానే కనిపెట్టినందుకు దాని మొహం వెలిగిపోయింది.

సెలవులు అయిపోయి వెళ్ళేరోజున కారెక్కబోతూ నా చేతిలో మడతపెట్టిన కాగితం ఒకటి పెట్టింది. విప్పి చూశాను. పెద్ద పెద్ద అక్షరాలతో, కొంచెం వంకరగా, పందికొక్కు అని రాసి ఉంది. సున్నా ఉంది. 'క' కింద ఒత్తు ఉంది. పక్కన రెండు అంకెలు వేసింది: ఇంగ్లీషులో 9, తెలుగులో 4.

ఆ కాగితం మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఉంది. ఈ సంచిక చదివే ప్రతి ఇంట్లోనూ అటువంటి కాగితం ఒకటి ఉండాలని నా కోరిక. ఈ ఉత్సవాల మూడు రోజుల్లో, ఊరినుంచి వచ్చిన అమ్మమ్మ పక్కన, భోజనాల బల్ల దగ్గర, ఏ పిల్లనైనా పిలిచి ఒక తెలుగు మాట రాయించండి. తప్పు రాస్తే గంట కొట్టకండి. చెయ్యి పట్టి దిద్దించండి. మన పెద్దలు మనకు దిద్దించింది అలాగే కదా!